కింద పట్టు.. పైన కట్టు!

కొత్త పికప్ కొనగానే మనోళ్లు ముందు చేసే పని ఏంటి? అద్దం మీద పేరు, వెనక డోరు మీద డైలాగు, ముందు ఎల్‌ఈడీ లైట్లు, ఊరంతా ఉలిక్కిపడే హారన్. అన్నీ ఓకే. కానీ ఈఎంఐ కట్టేది స్టిక్కర్ కాదు, వెనకున్న తొట్టి. ఆ తొట్టిలో కింద ఏం పరవాలి, సరుకును దేనికి కట్టాలి అన్నది మాత్రం చాలామంది మొదటి దెబ్బ తగిలాకే ఆలోచిస్తారు. ఆ దెబ్బ తగలకముందే ఓసారి ఇది చదవండి.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ సెంటర్‌కు వెళ్లినా అడ్డా మీద నాలుగు పికప్‌లు వరుసగా కనిపిస్తాయి. బొలెరో, టాటా ఏస్, దోస్త్.. పేర్లు వేరైనా పని ఒకటే. పొద్దున బత్తాయి, మధ్యాహ్నం సిమెంటు, సాయంత్రం పెళ్లి ఫర్నిచర్, రాత్రి గొర్లు. ఇంత రకరకాల సరుకు ఒకే తొట్టిలో తిరిగే చోట్లు తక్కువ.

ఈ బండ్లకు తెలంగాణలో పెద్ద చరిత్రే ఉంది. 1980ల్లో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు తయారుచేసే ఊపు మొదలైంది. డీసీఎం టయోటా లారీలు అప్పుడే వచ్చాయి. ఆ కంపెనీ పేరు పోయినా మన దగ్గర ఇప్పటికీ మధ్యరకం లారీ ఏదైనా ‘డీసీఎం’నే! అదే కాలంలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ చిన్న లారీలు చేసింది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. 2005లో టాటా ఏస్ వచ్చాక సీనే మారిపోయింది. లారీ ఓనర్ కావాలంటే పెద్ద సేటే కానక్కర్లేదు, డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న పిల్లగాడు కూడా ఫైనాన్స్‌లో బండి దింపొచ్చని తేలింది. ఇప్పుడు 2 టన్నుల దాకా మోసే పికప్‌లు కూడా అదే దారిలో దొరుకుతున్నాయి.

మోసే బరువు పెరిగింది. రోడ్లు బాగుపడి వేగమూ పెరిగింది. తొట్టి అడుగు మాత్రం అదే నున్నటి రేకు, చాలా బండ్లకు కట్టు అదే పాత ప్లాస్టిక్ తాడు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

సడన్ బ్రేక్ వేస్తే ఏమవుతుంది?

నల్లగొండ నుంచి బత్తాయి లోడుతో బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బయల్దేరారు అనుకుందాం. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కారు. చౌటుప్పల్ దాటాక ముందు వెళ్తున్న బస్సు ఠక్కున ఆగింది. మీరు బ్రేక్ తొక్కారు. బండి ఆగింది. కానీ వెనకున్న సరుకుకు బ్రేక్ లేదుగా! అది అదే స్పీడులో ముందుకు పోవాలని చూస్తుంది.

ఆ తోపు ఎంతో లెక్క ఉంది. యూరప్ ప్రమాణాలు, అమెరికా రూల్స్ రెండూ ఒకే మాట చెబుతాయి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని లెక్కేసి కట్టాలి. మలుపుల్లో పక్కకు, ఎత్తేసినప్పుడు వెనక్కి అయితే 50 శాతం. అంటే టన్ను సరుకుంటే సడన్ బ్రేక్‌లో ముందుకు 800 కిలోల తోపు. అది మీ సీటు వెనకే ఉంటుంది.

ఈ 800 కిలోలను ఆపేవి మూడే. ఒకటి, తొట్టి అడుగుకూ సరుకుకూ మధ్య ఉండే పట్టు. రెండు, తాళ్లు లేదా బెల్టుల కట్టు. మూడు, క్యాబిన్ వెనక గార్డు. రంగు వేసిన నున్నటి ఇనుప రేకు మీద పట్టు చాలా తక్కువ. సుమారుగా చెప్పుకుంటే టన్నులో ఏ 200 కిలోల తోపునో ఆపగలదు. తడి ఉంటే ఇంకా తక్కువ. మిగతా 600 కిలోలు తాళ్ల మీద, గార్డు మీద పడతాయి. అదే రేకు మీద జారకుండా ఆపే రబ్బరు మ్యాట్ వేస్తే? ఆ రకం మ్యాట్‌కు యూరప్ లెక్కల్లో 60 శాతం పట్టు ఇస్తారు. అంటే 600 కిలోలు మ్యాటే ఆపుతుంది. కట్టు మీద పడేది 200 మాత్రమే.

అందుకే కింద లైనర్, పైన కట్టే రెయిల్.. ఇవి రెండు వేర్వేరు ఖర్చులు కావు. రెండూ కలిపి ఆలోచించాల్సిన ఒకే పని. కింద పట్టు ఉంటే పైన కట్టు మీద భారం తగ్గుతుంది.

లైనర్ ఎన్ని రకాలు? మీకు ఏది?

మార్కెట్‌లో లైనర్ అనగానే ఒక్కొక్కరు ఒక్కోటి చూపిస్తారు. ఒక్కోదానికీ బలం ఉంది, బలహీనత ఉంది. పోల్చడానికి 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టి తీసుకుందాం. అంటే అడుగు దాదాపు 4.6 చదరపు మీటర్లు.

చెకర్ ప్లేట్: వెల్డింగ్ షాపుల వాళ్లు ముందు చెప్పేది ఇదే. గట్టిది, పారతో గీకినా ఏం కాదు. కంకర, ఇసుక, ఇటుకలు ఎక్కువ తోలేవాళ్లకు సరైనదే. కానీ బరువు చూడండి. 3 మి.మీ. ఇనుప ప్లేట్ అడుగంతా వేస్తే 108 కిలోల పైనే. కొనుగోలు కేంద్రంలో తూకం వేసే 40 కిలోల వడ్ల బస్తాలు దాదాపు మూడు, ప్రతి ట్రిప్పులో ఉత్తినే మోసినట్టు! పైగా గీతల డిజైన్ చూసి జారదు అనుకోవద్దు. చెప్పుల కాలికి పట్టు ఉంటుందేమో గానీ, ప్లాస్టిక్ ట్రేలకు, ఇనుప డ్రమ్ములకు పెద్దగా ఉండదు. అల్యూమినియం చెకర్ ప్లేట్ అయితే అదే మందానికి 37 కిలోల చుట్టూ ఉంటుంది, తుప్పు గొడవ తక్కువ, ధర ఎక్కువ.

రబ్బరు మ్యాట్: పట్టులో నంబర్ వన్. 8 మి.మీ. మందం అయితే రబ్బరు రకాన్ని బట్టి 45 నుంచి 55 కిలోల దాకా తూగుతుంది. ట్రేలు, ఫ్రిజ్, బైక్, డబ్బాలు.. ఏదైనా కదలకుండా కూర్చుంటుంది. తీసి కడుక్కోవచ్చు. రెండు మూడు ముక్కలుగా వేసుకుంటే ఒక్కడే ఎత్తగలడు. డీజిల్, ఆయిల్ పడితే మాత్రం మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది. ఇంకో చిక్కు, మ్యాట్ కింద నీళ్లు నిలుస్తాయి. నెలకోసారి ఎత్తి ఆరబెట్టకపోతే పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, కింద రేకు తుప్పు తింటుంది. పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దొరికితే అవీ పనికొస్తాయి. కాకపోతే లోపల ఇనుప తీగలున్న బెల్టు తీసుకోవద్దు. అరిగాక తీగలు పైకి లేచి బస్తాలను చీరేస్తాయి, హమాలీల కాళ్లకు గుచ్చుకుంటాయి.

స్ప్రే లైనర్: పాలీయూరియా లేదా పాలీయూరెథేన్ కెమికల్‌ను మిషన్‌తో చల్లితే గట్టి పొరలా అతుక్కుపోతుంది. తక్కువ బరువు. 3 మి.మీ. పొర అడుగు వరకే అయితే 15 కిలోల లోపే. మూలలు, సందులు అన్నీ మూసుకుపోతాయి కాబట్టి నీళ్లు రేకును ముట్టవు. ఎరువుల బస్తాలు, నీళ్ల క్యాన్లు, గొర్లు తోలేవాళ్లకు తుప్పు నుంచి ఇంతకన్నా మంచి కాపలా లేదు. అయితే దీని ప్రాణమంతా ముందు చేసే తయారీలో ఉంది. రేకును బాగా రుద్ది, జిడ్డు తీసి, ఆరబెట్టి చల్లాలి. తుప్పు మీదే చల్లితే తుప్పును దుప్పటి కప్పి పెంచినట్టే. బ్రష్‌తో వేసే డబ్బా రకాలు కూడా దొరుకుతాయి. అవి పలచటి పొరే, రంగుకు కాస్త ఎక్కువ అనుకోండి. మాస్క్ లేకుండా ఆ స్ప్రే దగ్గర నిలబడొద్దు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్లాస్టిక్ లైనర్: తొట్టి ఆకారంలోనే అచ్చుపోసి వచ్చే గట్టి ప్లాస్టిక్ షెల్. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్లకు ఎక్కువగా వాడతారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, గీతలు పడనివ్వదు. కానీ ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కాబట్టి సరుకు జారుతుంది. కింద చేరిన ఇసుక రేణువులు బండి అదురుకు రంగును గీకేస్తాయి. కిరాయి బండికి ఇది పెద్దగా నప్పదు.

ప్లైవుడ్: చవక, తేలిక. 12 మి.మీ. షీటు అడుగంతా వేస్తే 35 కిలోల చుట్టూ. పొడి బస్తాలకు, ఫర్నిచర్‌కు బాగుంటుంది. తడి తగిలితే ఉబ్బి, పొరలు పొరలుగా లేస్తుంది. వేయాల్సి వస్తే వాటర్‌ప్రూఫ్ రకమే వేయండి, అంచులకు కూడా రంగు కొట్టండి.

ఏది వేసినా ఒక్క విషయం మర్చిపోవద్దు. తొట్టి అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. వాటిని మూసేస్తే ఎంత ఖరీదైన లైనర్ అయినా దండగే.

మీ కిరాయిని బట్టి లెక్క

‘ఏది బెస్ట్ అన్నా?’ అని అడిగితే జవాబు ఉండదు. ‘నేను ఏం తోలుతా?’ అని అడగాలి. మన రెండు జిల్లాల్లో ఎక్కువగా తిరిగే సరుకులు ఇవి.

బత్తాయి, మామిడి, టమాట: నల్లగొండ బత్తాయి అయినా, కొల్లాపూర్ మామిడి అయినా ప్లాస్టిక్ ట్రేలు వేస్తే రబ్బరు మ్యాట్ సరిపోతుంది. అదురు తగ్గుతుంది, కింది వరుస కాయ నలగడం తగ్గుతుంది. పురుగుమందు డబ్బాలు తోలిన రోజు మాత్రం మ్యాట్ తీసి రెండు వైపులా కడగాలి. తినే సరుకు ఎక్కేది అదే మ్యాట్ మీదకి.

వడ్లు, ఎరువు బస్తాలు: మిర్యాలగూడ మిల్లుల దారిలో తిరిగేవాళ్లకు ఇదే అసలు గిరాకీ. బస్తా బరువుకే కొంత కుదురుగా ఉంటుంది. కానీ యూరియా తేమను లాగి రేకును తినేస్తుంది. స్ప్రే లైనర్ గానీ, అడుగున మంచి రంగు వేసి పైన మ్యాట్ గానీ వేయాలి. హమాలీలు బస్తాను ఈడ్చి అంచు దాకా తెస్తారు కాబట్టి మరీ గరుకు మ్యాట్ అయితే తిట్టుకుంటారు. మధ్యరకం చూసుకోండి.

పత్తి: బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఇక్కడ అడుగు కన్నా పై కప్పు ముఖ్యం. ఒక చిన్న మాట.. చివికిన ప్లాస్టిక్ తాళ్ల పోగులు పత్తిలో కలిస్తే మిల్లులో అది నాణ్యత లోపమే. పత్తిలో ప్లాస్టిక్ పోగు కలవడం బట్టల పరిశ్రమకు పెద్ద తలనొప్పి. పత్తి సీజన్‌లో పాత తాళ్లు పక్కన పెట్టేయండి.

నీళ్ల క్యాన్లు, ట్యాంకులు: ఫ్లోరైడ్ కష్టం చూసిన జిల్లాలో ఫిల్టర్ నీళ్ల బండి లేని ఊరు తక్కువ. 20 లీటర్ల క్యాన్లు 50 అంటే సరిగ్గా టన్ను. రోజంతా తడే. కాబట్టి స్ప్రే లైనర్ మీద తీసి ఆరబెట్టే మ్యాట్. వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. నిండు ట్యాంకు కన్నా సగం ఖాళీ ట్యాంకు ప్రమాదం. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు ఊగి బండిని లాగేస్తాయి.

బండలు, టైల్స్, రాడ్లు: తాండూరు బండలు, గ్రానైట్ నిలబెట్టి తోలాల్సి వస్తే లోపలికి వాలే స్టాండు ఉండాలి. కింద రబ్బరు తప్పనిసరి. బండ అంచు బెల్టును కోసేస్తుంది కాబట్టి మధ్యలో రబ్బరు ముక్క గానీ, మందపాటి పైపు ముక్క గానీ పెట్టాలి.

గొర్లు, మేకలు: నున్నటి రేకు మీద జీవాలు నిలబడలేవు. జారి పడి ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటాయి. రబ్బరు మ్యాట్, మీద పలచగా ఎండుగడ్డి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 125ఇ ప్రకారం గొర్రెకైనా మేకకైనా 0.3 చదరపు మీటర్ల చోటు ఇవ్వాలి. మన లెక్కలో తీసుకున్న తొట్టికి అది 15 జీవాలు. సంత రోజు ఎన్ని ఎక్కిస్తున్నారో మీకే తెలుసు!

రెయిల్ అంటే వట్టి పైపు కాదు

ఇక పైన కట్టు. కంపెనీ నుంచి వచ్చే బండికి పక్క డోర్ల కింద చిన్న హుక్కులు ఉంటాయి. తాడు తగిలించడానికి అవి ఓకే. కానీ ఎక్కువ బరువుకు, కొలత మారే సరుకుకు అవి చాలవు. అప్పుడు మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, తొట్టి పక్కల పొడవునా పైపు రెయిల్. ఎక్కడైనా తాడు వేయొచ్చు. రెండు, వరుసగా రంధ్రాలున్న ట్రాక్. అందులో కొక్కేన్ని కావాల్సిన చోటికి జరిపి లాక్ చేయొచ్చు. బైక్, ఫ్రిజ్, మిషన్లు తోలేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. మూడు, అడుగున మూలల్లో డీ-రింగులు. వాడనప్పుడు పడుకుంటాయి, అడ్డం రావు.

మూడింటిలో ఏది పెట్టించినా అసలు ప్రశ్న ఒక్కటే. అది దేనికి బిగించి ఉంది?

మీ దగ్గర 2 టన్నులు తట్టుకునే బెల్టు ఉందనుకోండి. దాని హుక్కు టన్ను తట్టుకుంటుంది. కానీ రెయిల్‌ను పలచటి పక్క రేకుకు రెండు చుక్కల వెల్డింగ్‌తో అతికించారు. ఆ రేకు 200 కిలోలకే చిరిగిపోయే రకమైతే మీ కట్టు మొత్తం బలం 200 కిలోలే. బెల్టుకు పెట్టిన పైసలన్నీ నీళ్లపాలు. గొలుసు బలం దాని సన్న కడియం దగ్గరే తెలుస్తుంది.

అందుకే రెయిల్ పట్టు తొట్టి కింద అడ్డంగా ఉండే ఇనుప బార్లకు చేరాలి. బోల్టుతో బిగిస్తే రేకు వెనక మందపాటి ప్లేటు వేయాలి. అప్పుడు లాగుడు ఒక్క రంధ్రం మీద కాకుండా నాలుగు వేళ్ల వెడల్పున పంచుకుంటుంది. బోల్టు తల మీద 8.8 అని అంకె ఉన్నవి వాడండి. అంకె లేని చవక బోల్టులు బలమైన చోట పనికిరావు. నట్టు అదురుకు వదులు కాకుండా నైలాన్ లాక్ ఉన్నది వేయించండి.

వెల్డింగ్ షాపులో మరో నాలుగు జాగ్రత్తలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించండి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగా పెట్టమనండి. ఛాసిస్‌కు రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు. డ్రిల్ పెట్టేముందు కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూడండి. పని అయ్యాక కాలిన చోట రెండు వైపులా ప్రైమర్, రంగు వేయించండి. లేకపోతే తొలకరికే తుప్పు మొదలు.

వరుస కూడా ముఖ్యమే. ముందు రెయిళ్లు, డీ-రింగులు. ఆ తర్వాత స్ప్రే లైనర్. చాలామంది ఉల్టా చేసి, కొత్త లైనర్‌ను డ్రిల్‌తో పాడుచేసుకుంటారు.

తాడా? బెల్టా?

మన మోకు ముడిని తక్కువ చేసి మాట్లాడక్కర్లేదు. లారీ డ్రైవర్లు వేసే లాగుడు ముడి కప్పీలా పనిచేసి, చేతి బలాన్ని పెంచుతుంది. కానీ ఎండకు మగ్గిన ప్లాస్టిక్ తాడు బలం ఎంత మిగిలిందో కంటికి కనపడదు. నైలాన్ తాడు సాగుతుంది. దూరం పోయేకొద్దీ కట్టు వదులవుతుంది.

బరువైన సరుకుకు పాలిస్టర్ రాచెట్ బెల్టే మేలు. కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఎంత బరువు తట్టుకుంటుందో రాసి ఉండాలి. లేబుల్ లేని బెల్టు అంటే ఎక్స్‌పైరీ తేదీ లేని మందు లాంటిదే. ఎన్ని కావాలి అంటే అమెరికా రూల్ ఒకటి గుర్తుపెట్టుకోవడానికి తేలిక. కట్టిన బెల్టులన్నీ పనిచేసే సామర్థ్యం కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. టన్ను సరుకుకు అన్నీ కలిపి 500 కిలోలు. అది కనీసం, టార్గెట్ కాదు. 5 అడుగులు దాటిన సరుకుకు, లేదా 500 కిలోలు దాటిన సరుకుకు బెల్టులు కనీసం రెండు.

కోణం కూడా చూడాలి. సరుకు మీద నుంచి బెల్టు నిట్టనిలువుగా కిందికి దిగితే లాగిన బలమంతా సరుకును అదుముతుంది. అడుగుతో 60 డిగ్రీల కోణంలో దిగితే 87 శాతం. 30 డిగ్రీలకు పడిపోతే సగమే. పొట్టిగా ఉన్న సరుకును దూరంగా ఉన్న హుక్కుకు ఏటవాలుగా కడితే జరిగేది ఇదే. రెయిల్ ఉంటే లాభం ఇక్కడే తెలుస్తుంది. సరుకు పక్కనే కట్టే చోటు దొరుకుతుంది.

బెల్టుకు ముడి వేయొద్దు, బలం చాలా పడిపోతుంది. అంచు కోసుకుపోతే పారేయండి. బయల్దేరిన కొన్ని కిలోమీటర్లకే ఆగి ఓసారి లాగి చూడండి. గతుకులకు సరుకు సర్దుకుంటుంది, కట్టు వదులవుతుంది. నల్లగొండ నుంచి వెళ్తే నార్కట్‌పల్లి చాయ్ దగ్గర, పాలమూరు నుంచి వెళ్తే జడ్చర్ల దగ్గర.. ఎలాగూ ఆగుతారుగా!

చట్టం ఏమంటోంది?

మ్యాట్ వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బాడీని మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. పత్తి కోసం పక్క డోర్లను శాశ్వతంగా ఎత్తు పెంచడం లాంటివి రవాణా శాఖ అనుమతి లేకుండా చేయించొద్దు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఓవర్‌లోడ్‌కు అదే చట్టంలో రూ.20,000, పైన ఒక్కో అదనపు టన్నుకు రూ.2,000. సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కి, లేదా అనుమతించిన ఎత్తు దాటి పొడుచుకొచ్చినా రూ.20,000. దింపించే ఖర్చు కూడా మీదే. లైనర్, రెయిళ్ల బరువు కూడా బండి మొత్తం బరువులో కలుస్తుందని మర్చిపోవద్దు. 108 కిలోల ప్లేట్ వేయించి, బస్తాలు మాత్రం మునుపటిలాగే ఎక్కిస్తే తూకం కాటా అబద్ధం చెప్పదు.

రెయిల్ ఉంది కదా అని మనుషుల్ని ఎక్కించొద్దు

పైపు రెయిల్ పెట్టించగానే ఒక ప్రమాదకరమైన ఆలోచన వస్తుంది. ‘పట్టుకోవడానికి ఉందిగా, నలుగురు కూలీలను ఎక్కిద్దాం’ అని. నాట్ల టైంలో, పత్తి ఏరే టైంలో మన దగ్గర ఇది రోజూ కనిపించేదే.

2018 జూన్‌లో పాత నల్లగొండ జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. అది పికప్ కాదు, ట్రాక్టర్. కానీ విషయం ఒకటే. సరుకు కోసం చేసిన తొట్టిలో మనిషిని కాపాడేది ఏదీ ఉండదు. 80 శాతం తోపు లెక్క మనిషికీ వర్తిస్తుంది. 60 కిలోల మనిషిని ముందుకు 48 కిలోల బలం లాగుతుంటే ఒక్క చేత్తో పైపు పట్టుకుని ఎంతసేపు ఆగుతారు?

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. సరుకు బండిలో లిఫ్ట్ అడిగి ఎక్కిన ప్రయాణికులకు థర్డ్ పార్టీ బీమా కింద కంపెనీ పరిహారం చెల్లించాల్సిన బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002లోనే చెప్పింది. జరగరానిది జరిగితే ఆ కుటుంబం రోడ్డున పడుతుంది, భారం బండి ఓనర్ మీదికి వస్తుంది. మొహమాటానికి ఎక్కించుకున్న ఒక్క ట్రిప్పు బండినే మింగేయొచ్చు.

పైసలు తక్కువున్నాయా? ఈ వరుసలో వెళ్లండి

అన్నీ ఒకేసారి చేయించడం కొత్త బండి ఈఎంఐ మధ్యలో కష్టమే. అందుకే వరుస ఇది.

1. ముందు లేబుల్ ఉన్న రాచెట్ బెల్టులు నాలుగు. ఇవి ఈ రోజే కొనొచ్చు.

2. ఎక్కువ తోలే సరుకు ఉండే చోటుకైనా సరే ఒక రబ్బరు మ్యాట్ ముక్క. తొట్టి మొత్తం తర్వాత చూసుకోవచ్చు.

3. అడ్డ బార్లకు బిగించిన నాలుగు డీ-రింగులు, మూలకొకటి.

4. క్యాబిన్ వెనక గార్డు గట్టిగా ఉందో లేదో చూపించండి. సరుకును ఎప్పుడూ గార్డుకు ఆనించి సర్దండి. మధ్యలో ఖాళీ వదిలితే ఆ ఖాళీలోనే సరుకు స్పీడు అందుకుంటుంది.

5. వానాకాలం రాకముందే గీతలకు ప్రైమర్, రంగు. వీలైతే స్ప్రే లైనర్.

6. పొడవైన రెయిల్, ట్రాక్ చివర్లో. గిరాకీ ఏ రకంగా వస్తుందో ఆర్నెల్లు చూశాక అయితే కరెక్ట్‌గా ఎంచుకోగలరు.

షాపులో అడగాల్సినవి మూడు ప్రశ్నలు చాలు. ఇది వేస్తే బరువెంత పెరుగుతుంది? దేనికి బిగిస్తున్నావు? షోరూం వారంటీకి అడ్డం వస్తుందా? మూడో ప్రశ్న డ్రిల్ పెట్టకముందే షోరూంలో కూడా అడగండి. సమాధానం ‘ఏం కాదులే అన్నా’ అని వచ్చిందంటే పక్క షాపుకు వెళ్లండి.

కిరాయికి పిలిచే రైతు, వ్యాపారి మీ స్టిక్కర్ చూసి రెండోసారి ఫోన్ చేయరు. కాయ నలగకుండా, బస్తా తడవకుండా, బండ పగలకుండా దింపిన బండి నంబరే వాళ్ల ఫోన్‌లో సేవ్ అవుతుంది. హైవే మీద మీ వెనక బైక్ మీద వచ్చే తమ్ముడు కూడా మీ కట్టు మీద నమ్మకంతోనే వస్తున్నాడు. అతనికి మీ పేరు తెలీదు, మీ కట్టు గట్టిగా ఉంటే తెలియాల్సిన అవసరం కూడా రాదు.